పాలరేకు గది

నేను కట్టినన్ని మేడలు మా ప్రాంతంలో ఏ తాపీ మేస్త్రీ కట్టి ఉండడు. వాటిలో ఒక్కదానికి కూడా పగుళ్ళు రాలేదు, ఒక్కటి కూడా వానకు కారలేదు. అసలు ఒక్కటి కూడా నేల మీద లేవలేదు, అదీ సంగతి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో విశాఖపట్నం వెళ్ళి కంప్యూటర్‌లో ఇళ్ళ బొమ్మలు గీయడం నేర్చుకొచ్చాను. కాశీబుగ్గలో రైల్వే గేటుకి ఇవతల, జీడిపప్పు డబ్బాలు అమ్మే కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకుని, బయట 'త్రీడీ' అని బోర్డు కట్టాను. మొదటి నెలలో మెట్లెక్కి వచ్చినవాళ్ళలో సగం మంది పాస్‌పోర్టు సైజు ఫొటోల కోసం వచ్చారు. మిగతా సగం మంది కళ్ళజోడు పెట్టుకుని చూసే సినిమా అనుకుని పిల్లల్ని కూడా తీసుకొచ్చారు.

నా పని చెప్పుకోవడానికి చిన్నదే. ఇల్లు కట్టకముందే, కట్టేశాక తీసిన ఫొటోలా చూపించాలి. గోడల మీద ఎండ పడాలి, చూరు కింద నీడ ఉండాలి, గుమ్మం ముందు మనుషులు తిరుగుతుండాలి. మనుషుల దగ్గరే చిక్కొచ్చింది. నేను కొనుక్కొచ్చిన సీడీలో ఉన్నవాళ్ళందరూ దొరలు, దొరసానులు. కోట్లు వేసుకుని, చేతిలో పెట్టెలు పట్టుకుని ఎక్కడికో వెళ్ళిపోతుండేవాళ్ళు. వాళ్ళనే ఒక జీడిపప్పు వ్యాపారి ఇంటి ముందు నిలబెడితే, ఆయన బొమ్మను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "ఇల్లు బాగుంది గానీ బాబూ, ఈళ్ళకి మా ఇంట్లో ఏటి పని?" అన్నాడు. ఇంటి పక్కన నేను నాటిన చెట్లు మంచు దేశాలవి, వాటి గురించి ఆయన అడగనందుకు సంతోషించాను.

మా అమ్మ మాత్రం మొదటి నుంచీ ఒకే మాట మీద ఉంది. "లేని ఇంటికి బొమ్మ గీసేవాడికి లేని డబ్బులే ఇత్తారు," అనేది. ఆ మాట నిజమవుతున్న కొద్దీ నాకు పంతం పెరిగేది. జీవితంలో ఒక్కసారైనా, ఎవడో ఒకడు నా బొమ్మ చూసి ఫొటో అనుకుని మోసపోవాలి. ఆ వయసులో నాకున్న ఆశయం అదే. మా ఈడు వాళ్ళు ఉద్యోగాలు కోరుకుంటుంటే నేను మోసాన్ని కోరుకున్నాను.

ఆ కోరిక తీర్చడానికే అన్నట్టు ఒక రోజు ఆవిడ వచ్చింది. బారువకి అవతల పల్లె నుంచి మందస దగ్గర మా ఊరికి ఎండుచేపలు తెచ్చి అమ్మేది. మా అమ్మకి బాగా తెలుసు, నాకు చిన్నప్పటి నుంచీ అక్క వరస, 'అప్పా' అని పిలిచేవాణ్ణి. బుట్ట మెట్ల కింద పెట్టి పైకొచ్చి, కంప్యూటర్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, కుర్చీ ఉండగా గడప మీదే కూర్చుంది.

"మా ఇంటి మీద గది లేసినట్టు ఒక ఫొటో కావాల బాబూ."

"గది లేదు కదప్పా. లేని గదికి ఫొటో ఎలా తీస్తాను?"

"ఉంటే స్టూడియోకే ఎల్దును గానీ నీకాడికెందుకొత్తాను? లేదు కాబట్టే వొచ్చినాను."

మా అమ్మ ఏళ్ళ తరబడి వెక్కిరించిన నా వృత్తిని ఇంత చక్కగా అర్థం చేసుకున్న మనిషిని అంతకు ముందు చూడలేదు.

సంగతేమిటంటే, ఆవిడ భర్త ఏటా గుజరాత్ వెళ్ళేవాడు. ఆ పల్లెల్లో మగవాళ్ళు చాలామంది అంతే. ఇక్కడ చేపల వేట కలిసిరాక, అక్కడి వీరావల్ రేవుకి వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేసి, ఎండాకాలం చివర్లో ఇంటికొచ్చి, వానాకాలం ముగియకుండానే మళ్ళీ రైలెక్కేవాళ్ళు. ఇతను మొదటిసారి వెళ్ళినప్పుడు ఇంటి కోసం అన్నాడు. కింద శ్లాబు ఇల్లు అయింది. తరవాత మేడ మీద ఒక గది కోసం అన్నాడు. గది లేచిన రోజున మరి గుజరాత్ పేరెత్తనని ఒట్టేశాడు. ఏళ్ళు గడిచాయి గానీ శ్లాబు మీద ఇనప ఊసలు మాత్రం అలాగే ఆకాశంలోకి చూస్తూ తుప్పు పడుతున్నాయి.

"అక్కడ నీళ్ళ మీద గీత కనిపిత్తాదా బాబూ? గీత దాటీసినారని పక్కూరోల్ని పాకిస్తానోళ్ళు అట్టుకుపోనారు. ఏ జైల్లో ఉన్నారో తెల్దు. ఆళ్ళ ఇళ్ళల్లో ఆడోళ్ళని రోజూ సూత్తన్నాను. నాకు నిద్ర అట్టడం లేదు," అంది. "మాయన నోటమ్మట మాటొచ్చిందంటే తప్పడు. గది అయిపోయిందనుకుంటే వొచ్చీత్తాడు. వొచ్చినాక తిట్టుకోనీ, అలగనీ. అది నాను సూసుకుంటాను. నువ్వు రప్పించు సాలు."

ఒక మనిషిని గుజరాత్ నుంచి రప్పించాలి. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆవిడ భయం చూసి అనుకుంటున్నారేమో, కాదు. ఆ ఇంటికి ఇటుకలు మోసినవాడు, శ్లాబు పోసిన రోజు నీళ్ళు పట్టినవాడు, ఆ ఇంటిని అంగుళం అంగుళం ఎరిగినవాడు నా బొమ్మను నమ్మాలి. నా పనితనానికి ఇంతకంటే పరీక్ష ఏముంటుంది? ఇంత సంబరపడినందుకు తరవాత సిగ్గుపడ్డాను గానీ, ఆ పూట మాత్రం సంబరమే.

గది ఎలా ఉండాలో కూడా అతను ఎప్పుడో చెప్పి ఉంచాడట. వీరావల్లో బోటు యజమాని మేడ మీద పాలరంగు ఫైబర్ రేకులతో ఒక గది ఉంది. వెలుగు లోపలికి వస్తుంది, లోపలున్నవాళ్ళు మాత్రం బయటికి కనిపించరు. పగలు దీపం అక్కర్లేదు. అలాంటిదే కావాలని అతని ఆశ.

అరువు కెమెరా ఒకటి పట్టుకుని బస్సెక్కి వెళ్ళాను. ఆ ఇల్లు ఊరికి చివర్న ఉంది. ముందు రోడ్డు, వెనక రెండు కొబ్బరిచెట్లు, ఆ వెనక సముద్రం. మేడ మీద నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టి ఉన్నాయి. "ఇవి తీసేయాలప్పా, బొమ్మకి బాగోదు," అన్నాను. ఆవిడ నన్నొక చూపు చూసి, అన్నీ ఎత్తి బుట్టలో పోసింది. ఊరు ఊరంతా రోడ్డు మీద చేరింది. నేను ఒక మోకాలి మీద కూర్చుని, ఒక కన్ను మూసుకుని, అక్కర్లేకపోయినా చేత్తో గాలిలో కొలతలు తీస్తూ గుమ్మం ముందు నిలబడ్డ అప్పతో సహా ఇంటికి రోడ్డు వైపు నుంచి ఫొటోలు తీశాను. కాకులు మాత్రం నా మీదకే వచ్చాయి, నెత్తళ్ళు తీయించింది నేనేనని వాటికి తెలిసినట్టుంది.

ఇక అసలు తంటా కంప్యూటర్ ముందు మొదలైంది. గాజు గది సులువు, అవతలిది కనిపిస్తే చాలు. గోడ ఇంకా సులువు, ఏదీ కనిపించకపోతే చాలు. ఈ పాలరేకు రెండింటికీ మధ్యలో ఉండేది. వెలుగును లోపలికి రానివ్వాలి, కొంత తనలోనే ఉంచుకోవాలి, మిగిలింది అవతలికి పంపాలి. నా మొదటి గది చేపల తొట్టెలా వచ్చింది. రెండోది ఫ్రిజ్ తలుపులా వచ్చింది. ఒక్కో బొమ్మ తయారవడానికి కంప్యూటర్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూలిగేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. కరెంటు పోవడానికి మా కాశీబుగ్గలో ఒక వేళంటూ ఉండేది కాదు. డబ్బాల కొట్టు యజమాని నేను తిట్టే తిట్లు విని, కరెంటు ఆఫీసులో నాకెవరో బంధువు ఉన్నారనుకునేవాడు.

చివరికి దారి చూపించింది తాటిముంజ. రోడ్డు మీద కొనుక్కుని, తొక్క ఒలిచి, ఎండకేసి పట్టుకున్నాను. వెలుగు లోపలికి దిగి, అక్కడే కాసేపు ఆగి బయటికొస్తున్నట్టుంది. ఇదే కావాలనుకుని, ముంజల వాడు వింతగా చూస్తున్నా మరో రెండు కొని, వాటినీ ఎండకు పట్టి చూసి, తినేసి, పరుగున మెట్లెక్కాను. ఆ సాయంత్రానికి గది వచ్చింది. నిజంగా వచ్చింది. శ్లాబు మీద పాలమీగడ రంగులో, లోపల ఒక బల్బు వెలుగుతూ ఉంది. నేనే మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

లోపలి బల్బు తెలియాలంటే బయట వెలుగు తగ్గాలి. నేను తీసిన ఫొటోలో ఆకాశం మిట్టమధ్యాహ్నం తెల్లగా ఉంది. దాన్ని కోసేసి, సీడీలోంచి ఎర్రటి ఆకాశం తెచ్చి, కొబ్బరిచెట్ల మధ్య నుంచి సముద్రం మీద సగం మునిగిన సూర్యుణ్ణి పెట్టాను. ఇంకా తనివి తీరలేదు. నిజం ఫొటోల మీద కుడి మూల నారింజ రంగులో తేదీ, టైము పడతాయి కదా. అవీ పెట్టాను. తేదీ, సాయంత్రం ఆరు. ఆ అంకెలు పెట్టాక నా గొప్పతనం ముందు నాకే చేతులు జోడించాలనిపించింది.

అప్పని పిలిచి చూపించాను. చాలాసేపు కదలకుండా చూసింది. కళ్ళు తుడుచుకుంది. నేను పొంగిపోతుండగా వేలు తెర మీద పెట్టింది.

"లోపల ఆ మగోడెవుడు?"

రేకు వెనక మసక మసకగా ఒక నీడ పెట్టాను. సీడీలోని దొరే, వాళ్ళందరిలో కూర్చుని ఉన్నవాడు ఒక్కడే. గదిలో ఎవరో ఉన్నట్టుంటే ప్రాణం వస్తుందని పెట్టాను.

"ఊరికే నీడప్పా, అందానికి."

"అందానికి మగోడి నీడ మా మేడ మీద ఎడతావేటి? మాయన వొత్తాడు బాబూ, వొత్తాడు. కత్తట్టుకోని వొత్తాడు!"

అంత సేపు నవ్విన మనిషిని నేను చూడలేదు. కొంగు నోట్లో పెట్టుకుని గడప మీద కూలబడి మరీ నవ్వింది. దొరను తీసేసి, మరో రెండు రోజులు కరెంటుతో కొట్లాడి, బొమ్మ మళ్ళీ తయారుచేసి, కలర్ ల్యాబ్‌లో మెరిసే కాగితం మీద వేయించి ఇచ్చాను. చెల్లి పెళ్ళికని వచ్చి తిరిగి వీరావల్ వెళ్తున్న మనిషొకడి చేత ఆవిడ దాన్ని పంపించింది.

వారం తరవాత ఆవిడ మా ఇంటికి ఎండుచేపలు తెచ్చింది. ఆదివారం కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. మా అమ్మతో నా గురించి గొప్పగా చెబుతోంది. నేను వినబడనట్టు నటిస్తూ దగ్గరికి జరిగాను.

"అన్నిటికన్నా ఆ పొద్దుపొడుపు అమ్మా. మా కొబ్బరిసెట్ల నడుమ సూరీడు అలాగే లేత్తాడు. అచ్చం అలాగే తీసినాడు."

పొద్దుపొడుపు! నేను పెట్టింది అస్తమయం. కింద సాయంత్రం ఆరని అంకెలు వేసి మరీ పెట్టాను. తూర్పు సముద్రానికి దగ్గర్లో పుట్టి, సైకిలు తొక్కుకుంటూ ఎన్నోసార్లు ఆ సముద్రానికి వెళ్ళి, సూర్యుడు ఎటు లేస్తాడో ఎటు గూకుతాడో చూడకుండానే పెరిగిన మహానుభావుణ్ణి నేను. అంకెలు చదవడం రాని ఆవిడ సరిగ్గానే చూసింది. ఆకాశం చదవడం రాని నేను దాని కింద టైము కూడా వేశాను. ఇక బొమ్మ వెళ్ళింది ఎవరి చేతుల్లోకి? సూర్యుణ్ణి చూసి బోటు నడిపే మనుషుల చేతుల్లోకి.

ఆవిడకి చెప్పలేకపోయాను. చెప్పినా వెళ్ళిన బొమ్మ తిరిగి రాదు. ఆ రోజు నుంచి మెట్ల మీద బరువైన అడుగు వినిపిస్తే చాలు, వీరావల్ నుంచి ఎవరో నన్ను తన్నడానికి వచ్చారని అనుకునేవాణ్ణి.

కొన్నాళ్ళకి కబురొచ్చింది. అతను ఊళ్ళో ఫోన్ బూతుకి ఫోన్ చేశాడు. బొమ్మ చాలా బాగుందన్నాడు. బోటు మీద అందరికీ చూపించాడట. గదికి ఎంతయిందని గానీ, ఎవరు కట్టారని గానీ ఒక్కడూ ఆరా తీయలేదట. అందరూ నమ్మేశారు! నేను ఆశపడిన మోసం, అదీ ఒకడు కాదు, బోటు బోటంతా మోసపోయింది. గాలిలో తేలాల్సినవాణ్ణి. కానీ ఆ మాట చెబుతున్న అప్ప మొహం బాగోలేదు.

"మరి వస్తున్నాడా?" అన్నాను.

"గదికి రంగులెయ్యాల కదా, ఈ ఏడు వానలకి కూడా రాకుండా ఉండిపోతాను అన్నాడు."

ఆవిడే మళ్ళీ అంది. "గది కోసం కాదు బాబూ ఆడు ఆగిపోనాది. అలవాటడిపోనాడు. రేపు రంగులంటాడు, ఎల్లుండి పెహరీ గోడంటాడు. నువ్వు ఎన్నని గీత్తావు?"

నిజంగానే నేను చాలా గీశాను. ఆ బొమ్మ పేరు పల్లెల్లో పాకింది. ఒకావిడ ఇంటి ముందు పాలరాయి మెట్లు కావాలంది. ఒకావిడ రెండో అంతస్తు అడిగింది. ఇంకొకావిడ పెంకుటింటికి బదులు ఏకంగా కొత్త ఇల్లే వేయించుకుంది. అన్నీ గుజరాత్ వెళ్ళాయి. నా గదిలో కొత్త కుర్చీలు వచ్చాయి. మా అమ్మ సామెతలు తగ్గించింది. అప్ప మాత్రం మెట్లెక్కడం మానేసింది. రైల్వే గేటు దగ్గర బుట్టతో కనబడితే పలకరించేది, అంతే. ఆవిడ పలకరించినప్పుడల్లా నాకు బాధేసేది. నా బొమ్మ గెలిచింది, ఆవిడ పని కాలేదు.

మాఘమాసంలో, వేట ఇంకా జోరుగా సాగే రోజుల్లో, ఒక మధ్యాహ్నం మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. నల్లగా, ఎత్తుగా ఒక మనిషి సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. ఉప్పునీటికి చేతులు పగిలి ఉన్నాయి. జేబులోంచి నా బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు. మడతలు పడి, అంచులు నలిగి ఉంది. నేను కుర్చీని వెనక్కి జరిపాను. అన్ని నెలలుగా తయారుచేసుకున్న సంజాయిషీ ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

"కంప్యూటర్ తప్పు," అన్నాను.

అతను సూర్యుడి మీద వేలు పెట్టాడు. "ఇదేటి బాబూ, సాయింత్రం ఆరింటికి?"

"తప్పే. తెలిసింది. చాలా ఆలస్యంగా తెలిసింది."

"నాకూ ఆలీసంగానే తెల్సింది," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నెలల కొద్దీ సూసినాను దీన్ని. గది సూసినాను, రేకులు సూసినాను, మా ఆడదాన్ని సూసుకున్నాను. ఏటీ తేడా కనిపించనేదు. ఓ పాలి పొద్దు గూకినప్పుడు బోటు మీద కూకున్నాం. అక్కడ సూరీడు సముద్రంలోకే దిగుతాడు. పక్కోడితో అన్నాను, మా ఊళ్ళో కూడా ఇలాగే మా ఇంటెనకాల దిగుతాడురా, ఫొటో సూసినావు కదా, అని. ఆడు ఒడియావోడు, ఊఁ అన్నాడు. అన్నాక తట్టింది, మాకాడ సూరీడు సముద్రంలోంచి లేత్తాడు గానీ దిగడని; సూరీడు అబద్దమయితే గదీ అబద్దమే."

బొమ్మ మడతని వేలితో సాపు చేశాడు. కింద డబ్బాల చప్పుడు వినిపిస్తోంది.

"మా నాయినతో ఏటకెల్లినోణ్ణి బాబూ. సూరీడు ఎదర లేత్తంటే అటే తెప్ప తోసినోణ్ణి. మా ఊరికి పొద్దు ఏ పక్క గూకుతాదో మర్సిపోనాను. ఇంకో ఏడుంటే ఏటి మర్సిపోతానో అని బయ్యమేసింది. నా జీతం లెక్క సూడమని సెప్పీసి వొచ్చీసినాను."

ఇంటికి వెళ్ళావా అని అడిగాను. లేదు, గీసింది ఎవరో ఊరివాళ్ళ ద్వారా తెలుసుకుని, రైలు దిగి ముందు ఇక్కడికే వచ్చానన్నాడు.

"మేడ మీద ఇప్పుడేటుంది?"

"ఊసలున్నాయి. నెత్తళ్ళు ఎండేసి ఉంటుంది."

"మరేటీ నేదా?"

"లేదు."

"సాలు," అన్నాడు. లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. "సూడు బాబూ, నాను ఇక్కడికొచ్చినట్టు దానికి సెప్పకు. బస్సు దిగ్గానే గదేదే అని ఓ కేకెయ్యాల నాను. అంత తెలివిగా నన్ను రప్పించినాది. కేకెయ్యకపోతే దానికి బాగోదు."

రెండు రోజుల తరవాత అప్ప మెట్లెక్కి వచ్చింది. ఈసారి బుట్ట పైకే తెచ్చింది. గడప మీద కాదు, కుర్చీలోనే కూర్చుంది.

"నమ్మీసినాడు బాబూ! బస్సు దిగీసి, పైకి సూసి, గదేదే అని ఊరంతా ఇనబడీలాగ కేకేసినాడు. ఎంత కోపమో! నాను నవ్వాపుకోనేక సచ్చిపోనాను. ఏటి ఫొటో తీసినావురా నాయినా, నీ సెయ్యి సల్లగుండ. అంత పెద్ద మడిసి, సముద్రం మీద పుట్టి పెరిగినోడు, అట్టే మోసపోనాడు."

"మన పని అలాగే ఉంటుందప్పా," అన్నాను.

అతను మరి గుజరాత్ వెళ్ళలేదు. ఆవిడ ఆ రోజు బుట్టలోంచి రెండు దోసిళ్ళ నెత్తళ్ళు తీసి, నా బల్ల మీద కాగితం పరిచి పోసింది. నేను వద్దనలేదు.